సర్వాధికార రాజ్యంలో అపరాధ పరిశోధన నవల

సర్వాధికార పాలనలో ఉన్న సమాజంలో జరిగిన హత్యను, వరుస హత్యలను లేదా మరో ఘోర నేరాన్ని వస్తువుగా తీసుకుని, ఆ దర్యాప్తు వెంట నడిచే ఉత్కంఠభరిత నవలలు ఈ కోవకు చెందుతాయి. హిట్లర్ జర్మనీ, సోవియట్ యూనియన్, ముస్సోలినీ ఇటలీ, తూర్పు జర్మనీ, ఉత్తర కొరియా వీటికి తరచుగా రంగస్థలాలు. మార్టిన్ క్రూజ్ స్మిత్ ‘గోర్కీ పార్క్’ (1981), ఫిలిప్ కెర్ ‘మార్చ్ వయొలెట్స్’ (1989), రాబర్ట్ హారిస్ ‘ఫాదర్‌ల్యాండ్’ (1992), టామ్ రాబ్ స్మిత్ ‘చైల్డ్ 44’ (2008) ఈ శాఖలో ప్రసిద్ధమైనవి.

మామూలు అపరాధ పరిశోధన నవల ఒక నమ్మకం మీద నిలబడుతుంది. హంతకుడెవరో రుజువైతే చాలు, మిగతాది చట్టం చూసుకుంటుంది. కంచే చేను మేసే రాజ్యంలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. అందువల్ల ఈ నవలల్లో ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఆ సంగతి బయటపెట్టనిస్తారా?’ అన్న ప్రశ్న కూడా మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది.

నిర్వచనం, పరిధి

‘సర్వాధికార’ అన్న విశేషణాన్ని రాజకీయాల్లో మొదట వాడినవారిలో ఇటలీ పాత్రికేయుడు, ఫాసిస్టు వ్యతిరేకి జొవాన్ని అమెందొలా ఒకరు. 1923లో ఆయన దాన్ని నిందగా ప్రయోగించగా, రెండేళ్లలో ముస్సోలినీ దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. హన్నా ఆరెంట్ 1951లో ప్రచురించిన గ్రంథం ఈ భావనకు తాత్త్విక రూపం ఇచ్చింది. 1956లో కార్ల్ ఫ్రీడ్రిక్, జ్బిగ్నియెవ్ బ్రెజిన్‌స్కీ ఇలాంటి పాలనకు ఆరు లక్షణాలు చెప్పారు: అధికారిక సిద్ధాంతం, సాధారణంగా ఒక నాయకుడి చేతిలో ఉండే ఏకైక పార్టీ, రహస్య పోలీసుల భయోత్పాతం, సమాచార సాధనాల మీద గుత్తాధిపత్యం, ఆయుధాల మీద గుత్తాధిపత్యం, ఆర్థిక వ్యవస్థ మీద కేంద్రీకృత అదుపు.

పొరుగు శాఖలతో ఈ కోవకు సరిహద్దులు ఉన్నాయి. గూఢచారి నవలలో పోరు రెండు రాజ్యాల మధ్య జరుగుతుంది. ఇక్కడ మాత్రం రాజ్యానికీ, దాని సొంత ఉద్యోగికీ మధ్య జరుగుతుంది. ఆర్థర్ కోస్లర్ ‘డార్క్‌నెస్ ఎట్ నూన్’ (1940)లో నిర్బంధం, విచారణ ఉన్నా అది రాజకీయ నవలే, ఎందుకంటే దాన్ని నడిపేది నేర పరిశోధన కాదు. వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికాలో నడిచే జేమ్స్ మెక్‌క్లూర్ ‘ది స్టీమ్ పిగ్’ (1971) వంటివి దగ్గరి బంధువులు. ఆ పాలన అన్యాయమైనదైనా పైన చెప్పిన ఆరు లక్షణాలూ దానికి పూర్తిగా వర్తించవు.

చారిత్రక ఆధారాలు

జర్మనీ. 1936 జూన్‌లో హైన్రిక్ హిమ్లర్ జర్మన్ పోలీసు వ్యవస్థ మొత్తానికీ అధిపతి అయ్యాడు. నేర పరిశోధక పోలీసు విభాగమైన ‘క్రిపో’నూ, రాజకీయ పోలీసు విభాగమైన గెస్టపోనూ ఒకే గొడుగు కిందికి తెచ్చి రైన్‌హార్ట్ హైడ్రిక్‌కు అప్పగించారు. క్రిపో అధిపతి ఆర్టుర్ నెబె 1941లో సోవియట్ భూభాగంలో సామూహిక హత్యలకు పాల్పడిన ఒక దళానికి నాయకత్వం వహించాడు. హంతకులను పట్టుకోవలసిన అధికారే వేల హత్యలకు ఆజ్ఞలిచ్చాడన్న మాట. ఈ రకం నవలల్లోని ప్రధాన వైరుధ్యం చరిత్రలో అలా నిజంగానే జరిగింది.

యుద్ధకాలపు బెర్లిన్‌లో, వీధి దీపాలు ఆర్పేసిన రాత్రుల్లో, లోకల్ రైళ్లలోనూ పట్టాల పరిసరాల్లోనూ స్త్రీల మీద దాడులు, హత్యలు జరిగాయి. అనుమానం మొదట విదేశీ కూలీల మీదికీ యూదుల మీదికీ మళ్లింది. హంతకుడు పౌల్ ఓగోర్జో మాత్రం రైల్వే ఉద్యోగి, నాజీ పార్టీ సభ్యుడు. అతణ్ని 1941 జులైలో శిరచ్ఛేదం చేశారు. దీనికి భిన్నమైనది బ్రూనో లూడ్కె ఉదంతం. మానసిక వైకల్యం ఉన్న ఈ వ్యక్తి చేత 1943లో యాభైకి పైగా హత్యలను ఒప్పించారు. విచారణ జరగకుండానే అతను 1944లో వియన్నాలో మరణించాడు. అతను నిర్దోషి అన్నదే తర్వాతి పరిశోధకుల ప్రధాన అభిప్రాయం.

సోవియట్ యూనియన్. నేరం పెట్టుబడిదారీ వ్యవస్థ అవశేషమనీ, సోషలిజం బలపడేకొద్దీ అది అంతరిస్తుందనీ అధికార సిద్ధాంతం చెప్పేది. గోర్బచోవ్ కాలం దాకా దేశవ్యాప్త నేర గణాంకాలు బహిరంగం కాలేదు. అయితే హత్య జరిగిందనే ఒప్పుకోరన్నది అతిశయోక్తి. 1963-64లో గ్యాస్ సిబ్బందినంటూ ఇళ్లలోకి జొరబడి హత్యలు చేసిన వ్లదీమిర్ ఇయొనెస్యాన్‌ను 1964 జనవరిలో పట్టుకుని, అదే నెలలో మరణశిక్ష అమలు చేశారు.

రొస్తోవ్ ప్రాంతపు వరుస హంతకుడు ఆంద్రెయ్ చికతీలో వ్యవహారం ఇంత తొందరగా తేలలేదు. అతని హత్యలు 1978లో మొదలయ్యాయి. ఆ తొలి హత్యకు మరో వ్యక్తిని దోషిగా తేల్చి 1983లో చంపేశారు. చికతీలో 1984లో ఒకసారి పట్టుబడినా, రక్తపు గ్రూపు సరిపోలలేదని హత్యల అనుమానం నుంచి బయటపడ్డాడు. చివరికి 1990 నవంబరులో అరెస్టయి, 1992లో 52 హత్యలకు దోషిగా తేలి, 1994 ఫిబ్రవరిలో మరణశిక్షకు గురయ్యాడు. పత్రికల మౌనం, బలవంతపు ఒప్పుకోళ్లు, తప్పుడు అనుమానితులు కలిసిన ఈ కేసు తర్వాతి నవలలకు ముడిసరుకు అయింది.

పుట్టుక, వికాసం

ఈ శాఖకు రెండు మూలాలున్నాయి. సర్వాధికార దేశాల లోపల, సెన్సారు నీడలో పుట్టిన పోలీసు నవల ఒకటి. బయటి నుంచి, లేదా ఆ పాలన కూలిపోయాక వెనక్కి చూస్తూ రాసిన నవల రెండోది.

ఇటలీలో మొండదోరి ప్రచురణ సంస్థ 1929లో పసుపు అట్టల అపరాధ పరిశోధన నవలలను మొదలుపెట్టింది. ఫాసిస్టు ప్రభుత్వం వాటిని అనుమానంగానే చూసింది. హంతకుడు ఇటాలియన్ కాకూడదనీ, శిక్ష తప్పించుకోకూడదనీ ఆంక్షలు పెట్టి, 1941లో ఆ వరుసను ఆపించింది. మిలాన్ పోలీసు అధికారి దె విన్చెంజీ పాత్రను సృష్టించిన ఔగుస్తొ దె ఆంజెలిస్ ఫాసిస్టు వ్యతిరేక రాతల కారణంగా 1943లో జైలు పాలయ్యాడు. విడుదలయ్యాక ఒక ఫాసిస్టు చేతిలో దెబ్బలు తిని 1944లో మరణించాడు.

స్టాలిన్ మరణానంతరం సోవియట్ సాహిత్యంలో మిలీషియా నవల తలెత్తింది. సోవియట్ పోలీసులను మిలీషియా అనేవారు. అర్కాదీ అదామోవ్ ‘ద కేస్ ఆఫ్ ద మాట్లీ గ్యాంగ్’ (1956), యులియాన్ సెమ్యోనోవ్ ‘పెత్రోవ్కా, 38’ (1963) ఆ దారి వేశాయి. 1945 నాటి మాస్కో దొంగల ముఠాల మీద వైనర్ సోదరులు రాసిన నవల 1979లో టీవీ ధారావాహికగా వచ్చి అసాధారణ ఆదరణ పొందింది. దొంగ అని తెలిసినవాణ్ని పట్టుకోవడానికి సాక్ష్యం పుట్టించవచ్చా అన్న వాదన అందులో ఇద్దరు పోలీసుల మధ్య నడుస్తుంది. వ్యవస్థను నేరుగా ప్రశ్నించలేని చోట రచయితలు తీసుకోగలిగిన వెసులుబాటు అంతే. తూర్పు జర్మనీ టీవీ 1971లో ‘పొలిట్సైరూఫ్ 110’ను ప్రారంభించింది. క్యూబాలో హోంశాఖ 1970ల ఆరంభంలో పోలీసు నవలలకు పోటీలు పెట్టింది.

బయటి మూలానికి తొలి గట్టి ఉదాహరణ పశ్చిమ జర్మనీ రచయిత హాన్స్ హెల్ముట్ కిర్స్ట్ ‘నైట్ ఆఫ్ ద జనరల్స్’ (1962). నాజీల ఆక్రమణలో ఉన్న వార్సాలో 1942లో ఒక వేశ్య హత్యకు గురవుతుంది. ప్యాంటు మీద జనరల్ హోదాకు గుర్తైన ఎర్రచార ఉన్న మనిషిని ఒక సాక్షి చూస్తాడు. వేలాది మంది చనిపోతున్న ఊళ్లో ఈ ఒక్క హత్య గురించి పట్టుబట్టిన అధికారి కథ అది. తర్వాత ‘గోర్కీ పార్క్’ విజయం, 1989-91 మధ్య తూర్పు ఐరోపాలోనూ సోవియట్ యూనియన్‌లోనూ ప్రభుత్వాల పతనం, రహస్య పోలీసు దస్త్రాలు తెరుచుకోవడం ఈ శాఖను విస్తరింపజేశాయి.

రకాలు

చారిత్రక నవల. అంతరించిన పాలనను పునర్నిర్మించే ఈ రకం సంఖ్యలో పెద్దది. కెర్ సృష్టించిన బెర్నీ గుంథర్ వరుస, 1929 నుంచి నాజీ కాలం దాకా సాగే ఫోల్కర్ కుచర్ ‘గెరెయోన్ రాత్’ వరుస, 1975 తూర్పు బెర్లిన్‌లో మొదలయ్యే డేవిడ్ యంగ్ ‘స్టాజీ చైల్డ్’ (2015) ఇందులోవి.

సమకాలీన నవల. పాలన ఇంకా సాగుతుండగానే రాసినది. ‘గోర్కీ పార్క్’ ఈ రకం. గూఢచార విభాగంలో పనిచేసిన ఒక పాశ్చాత్యుడు జేమ్స్ చర్చ్ అన్న మారుపేరుతో రాసిన ‘ఎ కార్ప్స్ ఇన్ ద కొర్యో’ (2006) ప్యాంగ్‌యాంగ్ పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ ‘ఓ’ను పరిచయం చేసింది. క్యూబాలోనే ఉంటూ రాసిన లియొనార్దో పదూరా ‘గత పరిపూర్ణం’ (1991) మొదట మెక్సికోలో అచ్చయింది. పోలీసు మారియో కోందే 1989 హవానాలో పరిశోధించే నాలుగు నవలల్లో ఇది మొదటిది.

ప్రత్యామ్నాయ చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ గెలిచి ఉంటే అన్న ఊహ మీద కట్టినది. లెన్ డేటన్ ‘ఎస్‌ఎస్-జీబీ’ (1978)లో 1941 నవంబరు నాటికి బ్రిటన్ ఓడిపోయి ఉంటుంది. స్కాట్లండ్ యార్డ్ అధికారి డగ్లస్ ఆర్చర్ జర్మన్ అధికారుల కింద పనిచేస్తుంటాడు. ‘ఫాదర్‌ల్యాండ్’ ఇదే ఊహను 1964 దాకా తీసుకుపోతుంది.

కథన నిర్మాణం

పరిశోధకుడి స్థానం. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ లాంటి స్వతంత్ర డిటెక్టివ్ ఇలాంటి రాజ్యంలో ఎక్కువ కాలం నిలవలేడు. బెర్నీ గుంథర్ 1936లో ప్రైవేటు డిటెక్టివే. అతని గిరాకీలో ఎక్కువ భాగం కనిపించకుండా పోయినవారిని వెతికించేవారిదే. రెండో నవలకు వచ్చేసరికి హైడ్రిక్ అతణ్ని మళ్లీ పోలీసు ఉద్యోగంలోకి లాగుతాడు. తక్కిన నవలల్లో పరిశోధకుడు మొదటి నుంచీ ప్రభుత్వ ఉద్యోగి. జీతం, ఇల్లు, పిల్లల చదువు, ప్రాణం అన్నీ తాను ప్రశ్నించబోయే వ్యవస్థ చేతిలోనే ఉంటాయి.

రెండు పోలీసు శాఖలు. మామూలు నేరాలు చూసే శాఖకూ రాజకీయ పోలీసులకూ మధ్య పెనుగులాట దాదాపు ప్రతి నవలలోనూ ఉంటుంది: క్రిపోకు గెస్టపో, మిలీషియాకు కేజీబీ, తూర్పు జర్మనీ ప్రజా పోలీసులకు స్టాజీ. ఏ క్షణాన్నైనా రాజకీయ శాఖ వచ్చి కేసును తీసుకుపోవచ్చు. అలా తీసుకుపోవడమే కొన్నిసార్లు మొదటి ఆధారం అవుతుంది.

సాక్షులు, సమాచారం. 1989లో స్టాజీకి దాదాపు 91,000 మంది పూర్తికాలపు ఉద్యోగులు, 1,89,000 మంది అనధికార ఇన్‌ఫార్మర్లు ఉండేవారు. దేశ జనాభా కోటీ అరవై లక్షలు. గోడలకు చెవులున్న చోట సాక్షి నోరు విప్పడు. విప్పినా అది నిజమో, ఎవరో చెప్పించిన మాటో తేల్చుకోవాలి. ద్రోహం ఇంట్లో నుంచే రావచ్చు. ‘ఫాదర్‌ల్యాండ్’లో కథానాయకుణ్ని గెస్టపోకు పట్టించేది అతని పదేళ్ల కొడుకే.

ఆధారాలు. చిత్రహింసతో ఒప్పుకోలు సులువుగా దొరికే వ్యవస్థలో వేలిముద్రకు, శవ పరీక్షకు విలువ పడిపోతుంది. రచయితలు దాన్నే తిరగేసి వాడుకుంటారు. భౌతిక సాక్ష్యాన్ని పట్టుకుని వేలాడే పరిశోధకుడి పని ఇక్కడ రాజ్యాన్ని ధిక్కరించడంతో సమానం అవుతుంది.

ముగింపు. సంపూర్ణ న్యాయం అరుదు. హంతకుడు దొరికినా నేరం దస్త్రాల్లోకి ఎక్కకపోవచ్చు. పరిశోధకుడు బహిష్కరణకో, దూర ప్రాంతపు బదిలీకో, చావుకో సిద్ధపడాలి.

ప్రధాన రచనలు

గోర్కీ పార్క్. మాస్కోలోని ఉద్యానవనంలో, మంచు కింద మూడు శవాలు దొరుకుతాయి. ముఖాలు చెక్కేసి, వేలికొసలు కోసేసి ఉంటాయి. మిలీషియా ముఖ్య పరిశోధకుడు అర్కాదీ రెంకో మొదట కేసును కేజీబీ మీదికి నెట్టేయాలనే చూస్తాడు. పుర్రె మీద ముఖాన్ని పునర్నిర్మించే శాస్త్రవేత్త సాయంతో మృతులు ఎవరో తేలుస్తాడు. దారి సేబుల్ అనే విలువైన బొచ్చు జంతువుల అక్రమ రవాణా వైపు, పలుకుబడి ఉన్న ఒక అమెరికన్ వ్యాపారి వైపు సాగుతుంది. స్మిత్ 1973లో మాస్కో చూసి వచ్చి, ఏళ్ల తరబడి వలస వచ్చిన రష్యన్లను అడిగి వివరాలు సేకరించాడు. సోవియట్ పోలీసును శత్రువుగా కాక కథానాయకుడిగా నిలబెట్టడం ఆ రోజుల్లో అమెరికన్ పాఠకులకు కొత్త. ఈ నవలకు బ్రిటిష్ నేర రచయితల సంఘం గోల్డ్ డాగర్ పురస్కారం దక్కింది.

బెర్నీ గుంథర్ నవలలు. స్కాట్లండ్ రచయిత ఫిలిప్ కెర్ (1956-2018) ‘మార్చ్ వయొలెట్స్’తో మొదలుపెట్టి 14 నవలలు రాశాడు. చివరిది ‘మెట్రొపొలిస్’ (2019) అతని మరణానంతరం వచ్చింది. బెర్లిన్ ఒలింపిక్స్, 1938 నవంబరులో యూదుల మీద దాడులు, కతీన్ అడవిలో బయటపడ్డ పోలిష్ అధికారుల శవాలు కథల్లో భాగమవుతాయి. నెబె, హైడ్రిక్ వంటి చారిత్రక వ్యక్తులు పాత్రలుగా తిరుగుతారు. నాజీలను అసహ్యించుకుంటూనే వాళ్ల పనులు చేసిపెట్టే బెర్నీ నైతిక స్థితి ఈ వరుసకు కేంద్రం.

దె లూకా నవలలు. కార్లో లుకారెల్లి ‘కార్తా బియాంకా’ (1990) 1945 ఏప్రిల్‌లో, ఫాసిస్టు పాలన ఆఖరి రోజుల్లో నడుస్తుంది. ఫాసిస్టు రాజకీయ పోలీసుల్లో పనిచేసి, మళ్లీ హత్య కేసుల విభాగానికి వచ్చిన అధికారి దె లూకా. పాలకులు ఎవరైనా తన పని తాను చేశానన్న అతని సమర్థన ఎంతవరకు చెల్లుతుందో తొలి మూడు నవలలు పరిశీలిస్తాయి.

ఫాదర్‌ల్యాండ్. 1964 ఏప్రిల్, హిట్లర్ 75వ జన్మదినోత్సవాలకు బెర్లిన్ సిద్ధమవుతుంటుంది. హాఫెల్ జలాల ఒడ్డున దొరికిన శవం యోజెఫ్ బ్యూలర్‌ది అని క్రిపో అధికారి జేవియర్ మార్చ్ గుర్తిస్తాడు. 1942 జనవరి 20న వాన్‌జేలో యూదుల నిర్మూలనను సమన్వయపరిచిన సమావేశానికి హాజరైన 15 మందిలో బ్యూలర్ నిజంగానే ఒకడు. చరిత్రలో అతణ్ని 1948లో పోలండ్ ఉరితీసింది. గెలిచిన జర్మనీ ఆ సమావేశపు ఆనవాళ్లను చెరిపేయడానికి సాక్షులను ఒక్కొక్కరినీ చంపుతోందన్నది హారిస్ ఊహ. వాస్తవంలోనూ ఆ సమావేశపు 30 ప్రతుల నివేదికలో ఒకే ఒక్కటి యుద్ధానంతరం దొరికింది.

డెత్ ఆఫ్ ఎ రెడ్ హీరోయిన్. షాంఘైలో పుట్టి అమెరికాలో స్థిరపడిన చియూ షియావ్‌లోంగ్ 2000లో ఇంగ్లిషులో రాసిన నవల. 1990 షాంఘైలో ‘ఆదర్శ కార్మికురాలు’గా దేశం కీర్తించిన యువతి హత్యకు గురవుతుంది. కవి, అనువాదకుడు కూడా అయిన ఇన్‌స్పెక్టర్ చెన్ చావ్ దర్యాప్తు ఒక ఉన్నత పార్టీ నాయకుడి కొడుకు దగ్గర ఆగుతుంది. హంతకుడికి శిక్ష పడుతుంది. కానీ ఆ శిక్షకు కారణం రాజకీయ అవసరం. చైనీస్ అనువాదంలో షాంఘై పేరు తీసేసి ‘హెచ్ నగరం’ అని వేశారు.

చైల్డ్ 44. చికతీలో కేసును 1953కు జరిపి రాసిన నవల. రాజ్య భద్రతా అధికారి లియో డెమిడోవ్ ఒక పిల్లవాడి మరణం రైలు ప్రమాదమేనని ఆ కుటుంబాన్ని బెదిరించి ఒప్పిస్తాడు. భార్య మీద గూఢచర్యం ఆరోపణను ధ్రువీకరించనందుకు ఉరల్ పర్వతాల ప్రాంతానికి మామూలు మిలీషియా ఉద్యోగిగా బదిలీ అయ్యాక, అక్కడా అదే తీరు హత్య చూసి అసలు దర్యాప్తు మొదలుపెడతాడు. అబద్ధాన్ని కాపాడిన అధికారే దాన్ని బద్దలుకొట్టవలసి రావడం ఈ కథకు బలం. 2008లో ఇయాన్ ఫ్లెమింగ్ స్టీల్ డాగర్ పొంది, బుకర్ తొలి జాబితాలోనూ చోటు సంపాదించింది.

తెర మీద

‘గోర్కీ పార్క్’ చిత్రాన్ని (1983, దర్శకుడు మైకేల్ ఆప్టెడ్) మాస్కోలో తీయడానికి వీల్లేక ప్రధానంగా హెల్సింకీలో తీశారు. ‘నైట్ ఆఫ్ ద జనరల్స్’ 1967లో పీటర్ ఓటూల్, ఒమర్ షరీఫ్‌లతో వచ్చింది. ‘ఫాదర్‌ల్యాండ్’ 1994లో హెచ్‌బీఓ చిత్రంగా, ‘ఎస్‌ఎస్-జీబీ’ 2017లో బీబీసీ ధారావాహికగా వచ్చాయి. కుచర్ నవలల ఆధారంగా ‘బాబిలోన్ బెర్లిన్’ 2017లో మొదలైంది. డేనియల్ ఎస్పినోసా తీసిన ‘చైల్డ్ 44’ (2015) విడుదలకు ముందు రోజు రష్యాలో ఆగిపోయింది. చరిత్రను వక్రీకరించారన్నది అక్కడి సాంస్కృతిక మంత్రిత్వ శాఖ చెప్పిన కారణం.

విమర్శ

మొదటి ఆక్షేపణ వాస్తవికత మీద. సోషలిస్టు స్వర్గంలో హత్యలుండవన్న అధికార వాదన కారణంగా హంతకుణ్ని వదిలేశారన్న ‘చైల్డ్ 44’ చిత్రణ, 1953 వాస్తవాన్ని సరళం చేసిందని చెప్పవచ్చు. ఆ ఏడాది మార్చిలో ప్రకటించిన క్షమాభిక్షతో సుమారు 12 లక్షల మంది ఖైదీలు విడుదలయ్యారు. పెరిగిన నేరాలతో సోవియట్ పోలీసులు బహిరంగంగానే తలపడవలసి వచ్చింది.

రెండోది బయటివారి చూపు మీద. ప్రసిద్ధ రచనల్లో ఎక్కువ భాగం బ్రిటిష్, అమెరికన్ రచయితలవి. వాటిలో సగటు పౌరుడు భయపడే సాక్షిగానో, ఇన్‌ఫార్మరుగానో మిగిలిపోతాడనీ, రోజువారీ జీవితపు సందడి కనిపించదనీ విమర్శ ఉంది. పదూరా, చియూ వంటి ఆ నేల మనుషుల రచనలు ఈ లోటును కొంత పూరించాయి.

మూడోది నైతికమైనది. లక్షల మందిని రాజ్యమే చంపుతున్నప్పుడు ఒక హత్యను ఛేదించే ‘మంచి పోలీసు’ను నిలబెట్టడం పాఠకుడికి తేలికైన ఓదార్పు అవుతుందా అన్నది ప్రశ్న. కెర్, లుకారెల్లి తమ కథానాయకులను నిర్దోషులుగా వదలకుండా దీనికి జవాబు చెప్పారు. కిర్స్ట్ ఆ వైరుధ్యాన్నే కథగా మలిచాడు.

ప్రాధాన్యం, ప్రస్తుత స్థితి

దస్త్రాలు, హోదాలు, శాఖల అధికార పరిధులు కథకు అవసరమైన వివరాలు కావడం వల్ల సర్వాధికార పాలన రోజువారీ యంత్రాంగాన్ని ఈ నవలలు సాధారణ పాఠకుడి దాకా తీసుకెళ్లాయి. వాన్‌జే సమావేశం, కతీన్ హత్యాకాండ, 1930ల యుక్రెయిన్ కరవు వంటి ఘట్టాలు వీటి ద్వారా కొత్త పాఠకులను చేరాయి. అపరాధ పరిశోధన సాహిత్యానికి కూడా ఇవి ఒకటి చేర్చాయి. చట్టాన్ని నమ్మలేని చోట సత్యాన్వేషణకు అర్థం ఏమిటన్న ప్రశ్న పోలీసు నవలలో స్థిరపడింది.

పెద్ద వరుసల్లో కొన్ని ఇటీవల ముగిశాయి. కుచర్ పదో నవల ‘రాత్’తో 2024లో తన వరుసను పూర్తిచేశాడు. రెంకో వరుసలో పదకొండోదీ చివరిదీ అయిన ‘హోటల్ యుక్రెయిన్’ 2025 జులైలో వెలువడింది. రచయిత మార్టిన్ క్రూజ్ స్మిత్ అదే నెలలో మరణించాడు.